పందొమ్మిది గజాలు

ప్రెస్ బాక్సులో చప్పట్లు కొట్టకూడదు, కేకలు వేయకూడదు. ఏ స్టేడియంలోనైనా అదే రూలు. డ్రై ఫోర్క్ కాలేజీ మైదానంలో, స్టాండ్స్ నెత్తిన పెట్టెలా అతికించిన ఇరుకు గదిలో ఇరవై ఆరేళ్లుగా అమెరికన్ ఫుట్‌బాల్ ఆట లెక్కలు చూస్తున్న లోర్నా వోస్ట్రీ ఆ రూలు ఒక్కసారీ తప్పలేదు. సొంత కాలేజీ గెలిచినా, చిత్తుగా ఓడినా ఆమె ముఖంలో గీత కదలదు. కాకపోతే ఆ రూలు నోటికీ చేతులకీ గానీ కాళ్లకు వర్తించదు. నవంబరులో ఆ శనివారం మధ్యాహ్నం బల్ల కింద ఆమె కాళ్లు ఒక్క క్షణం నిలవడం లేదు.

"కాళ్లు ఆపు తల్లీ. బల్ల ఊగి నా చిల్లీ ఒలుకుతోంది," అన్నాడు గోర్డీ.

గోర్డీ పోస్టాఫీసులో రిటైరైన మనిషి. ఎడమ చేతి దగ్గర కారంగా వండిన మాంసం కూర, చిల్లీ, గిన్నె, దాని పక్కన దాల్చినచెక్క రోల్, కుడి చేతి కింద కంప్యూటరు. లోర్నా బైనాక్యులర్స్‌లోంచి చూసి చెబుతుంది, గోర్డీ టైపు చేస్తాడు. ఎవరు పరిగెత్తారు, ఎన్ని గజాలు, ఎవరు పడగొట్టారు అన్నది ఆమె నోటి నుంచి ఎలా వస్తే అలాగే రికార్డుల్లోకి ఎక్కుతుంది. ఆ ఏర్పాటులో ఇప్పటిదాకా ఎవరికీ ఇబ్బంది రాలేదు.

కింద పచ్చగడ్డి మీద, ప్రతిసారీ బంతి ముందుగా అందుకుని ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ టియో బారియెంటోస్ నడుం మీద చేతులు వేసుకుని ఊపిరి తీసుకుంటున్నాడు. అతని తల్లిదండ్రులిద్దరూ ఊరి చివరి మాంసం ఫ్యాక్టరీలో కత్తి పట్టేవాళ్లు. ఈ రోజు సెలవు పెట్టి మొదటి వరసలో కూర్చున్నారు. టియోకి ఇది కాలేజీలో ఆఖరి ఆట. ఈ సీజనులో అతను బంతి పట్టుకుని పరిగెత్తిన గజాలు తొమ్మిది వందల ఎనభై ఎనిమిది. వెయ్యికి ఇంకా పన్నెండు తక్కువ.

డ్రై ఫోర్క్ చరిత్రలో ఏ క్వార్టర్‌బ్యాకూ వెయ్యి గజాలు పరిగెత్తలేదు. అసలు కాలేజీ ఆటలో ఆ పని ఎంత కష్టమో బయటివాళ్లకు తెలియదు. బంతి విసిరేలోపు క్వార్టర్‌బ్యాక్‌ను దొరకబుచ్చుకుని వెనక్కి పడగొట్టారనుకోండి, ప్రొఫెషనల్ లీగులో ఆ నష్టాన్ని అతని పరుగుల్లోంచి తీయరు. కాలేజీలో మాత్రం తీస్తారు. తను పరిగెత్తి సంపాదించుకున్నదాన్ని ఎవడో లావుపాటివాడు వచ్చి మీద పడి లాక్కుపోతాడన్నమాట. టియో దగ్గర అలా ఈ ఏడాది పోయిన గజాలు కలిపితే వెయ్యి ఎప్పుడో దాటేది.

దాటడం ఎంత అవసరమో బల్ల చివర కూర్చున్న మార్స్‌డెన్ మధ్యాహ్నం తిండి దగ్గరే చెప్పాడు. అతను ప్రొఫెషనల్ జట్టు ఒకదాని తరఫున కుర్రాళ్లను వెతికే స్కౌటు. కుర్రాడు తనకు నచ్చాడనీ, కానీ తన నచ్చడంతో పని లేదనీ నిజాయితీగానే ఒప్పుకున్నాడు. చిన్న కాలేజీల కుర్రాళ్లు వేలమంది. ఆఫీసులో కంప్యూటరు వాళ్లను జల్లెడ పడుతుంది. పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్ అయితే వెయ్యి దాటినవాడి పేరే పై అధికారి తెర మీద కనిపిస్తుంది.

"తొమ్మిది వందల తొంభై తొమ్మిదైతే?" అని అడిగాడు గోర్డీ.

"అప్పుడు వాడు పుట్టనే లేదు," అన్నాడు మార్స్‌డెన్.

అప్పటి నుంచే లోర్నా కాళ్లు ఆగడం మానేశాయి.

గోర్డీకి కంగారు పుడితే కాళ్లు కాదు, నోరు ఆగదు. మూడు గంటల ప్రొఫెషనల్ ఆటలో బంతి నిజంగా కదిలేది పదకొండు నిమిషాలేననీ, మిగతా సమయమంతా గోళ్లు కొరుక్కోవడానికేననీ మార్స్‌డెన్‌కు చెప్పాడు. లింకన్‌లో పెద్ద ఆట ఉన్న రోజు ఆ స్టేడియమే నెబ్రాస్కాలో మూడో పెద్ద ఊరవుతుందనీ, ఇక్కడ మాత్రం పార్కింగ్‌లో కుక్కల్ని కలిపినా రెండు వేలు దాటదనీ చెప్పాడు. పందొమ్మిది వందల పదహారులో జార్జియా టెక్ జట్టు కంబర్లాండ్‌ను రెండు వందల ఇరవై రెండు–సున్నాతో ఉతికి ఆరేసిన ఆటలో రెండు జట్లలో ఒక్కరికీ పది గజాలు దాటితే ఇచ్చే ఫస్ట్ డౌన్ రాలేదని చెప్పబోతుంటే లోర్నా చెయ్యెత్తి ఆపింది.

టియో బంతి అందుకున్నాడు. ఎడమకు రెండడుగులు వేసి ఆగి, మీదికొచ్చినవాణ్ణి భుజంతో పక్కకు తోసి, కుడి అంచు వెంట దూసుకుపోయాడు. స్టాండ్స్ మొత్తం లేచి నిలబడింది.

"బారియెంటోస్, పరుగు, పద్నాలుగు," అంది లోర్నా. గొంతు మామూలుగానే ఉంది.

గోర్డీ టైపు చేశాడు. తెర మీద అంకె మారింది. వెయ్యిన్నీ రెండు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే రూలు ఎక్కడ తప్పుతామోనని భయం.

ఇలాంటి రికార్డు పడితే మైదానం పక్కన జట్టు బెంచీకి ఫోన్ చేసి చెప్పడం లోర్నా పని. ఫోన్ తీసి, వెయ్యి దాటాడని కోచ్ డ్రెస్లర్‌కు చెప్పింది. డ్రెస్లర్ ప్రొఫెషనల్ జట్ల దగ్గర పదిహేనేళ్లు అసిస్టెంటుగా తిరిగి, రెండేళ్ల క్రితం ఇక్కడికి వచ్చినవాడు. నిజమేనా అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. నిజమేనంది. వెంటనే అతను టియోని బయటికి పిలిచాడు. ఆ కుర్రాడి కుడి చీలమండ మూడు వారాలుగా వాచి ఉంది. జట్టు ఇరవై నాలుగు–పందొమ్మిదితో ముందుంది. ఇక అతన్ని ఆడించాల్సిన పని లేదు.

డ్రై ఫోర్క్ జట్టు పేరు క్రేన్స్, వాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. ఆఖరి ఏడాది కుర్రాడు తన ఆఖరి ఆటలోంచి బయటికి వచ్చాక, చీలమండకు చుట్టిన టేపును అందరి ముందూ కత్తెరతో కోసి, ఆ ముక్కను ఇంట్లోవాళ్లకు ఇస్తాడు. టియో బెంచీ మీద కాలు పెట్టాడు. ట్రైనర్ కత్తెర వేశాడు. చెమట పట్టిన ఆ తెల్లటి టేపు ముక్కను కుర్రాడు కంచె మీదుగా తల్లికి అందించాడు. ఆమె దాన్ని కోటు లోపల దాచుకుంది.

"డెబ్భై రెండులో అట్లాంటాలో ఏమైందో తెలుసా," అన్నాడు గోర్డీ చిన్నగా. "వాళ్లవాడొకడు సరిగ్గా వెయ్యి గజాలు కొట్టాడు. ఆట ఆపేసి బంతి చేతికిచ్చి ఫొటోలు తీశారు. ఆ తర్వాత ఇంకోసారి బంతి ఇచ్చారు. ఆరు గజాలు వెనక్కి పడ్డాడు. తర్వాత ఒక్క గజం తెచ్చాడు. సీజను అయిపోయింది. తొమ్మిది వందల తొంభై అయిదు."

"మనవాడు బయటికి వచ్చేశాడుగా," అంది లోర్నా.

"అదే చెబుతున్నాను. కాళ్లు ఆపు."

కాళ్లు ఆగలేదు. ఎందుకో ఆమెకే తెలియలేదు. అంతా సవ్యంగా ముగిసినప్పుడు ఒంట్లో ఈ గాభరా ఏమిటి? టియో బదులు దిగిన ట్రెంట్ అనే కుర్రాడు రెండుసార్లు బంతి అందుకున్నాడు, రెండుసార్లూ ఎటూ పోలేదు. మూడోసారి ఎవరి హెల్మెట్‌కో తగిలి బొటనవేలు విరుచుకుని, చెయ్యి పొత్తికడుపుకు అదుముకుంటూ బయటికి పోయాడు. ఆట ఆగింది. ఆగిన ఆ ఖాళీలో లోకల్ టీవీవాళ్లు ఆ రోజు టియో చూపించిన మంచి ఎత్తులన్నీ వరసగా చూపించడం మొదలుపెట్టారు. బల్ల మీది చిన్న టీవీలో లోర్నా కూడా చూస్తోంది.

ఆట సగం కాకముందు, రెండో క్వార్టర్లో డ్రెస్లర్ ఒక గారడీ ఎత్తు వేయించాడు. టియో బంతిని పక్కవాడికి అందించి, తను ఎవరికీ పట్టనట్టు ఎడమ వైపు నడిచాడు. పక్కవాడు కుడికి పరిగెత్తి, అందరూ అటు పడ్డాక, బంతిని మైదానం అడ్డంగా టియోకి విసిరాడు. టియో పందొమ్మిది గజాలు పరిగెత్తాడు. ఆ విసురు వెనక్కి పడితే టియోది పరుగు. ముందుకు పడితే అది పాస్, ఆ గజాలు పరుగుల్లోకి రావు. పై నుంచి లోర్నాకు వెనక్కే కనిపించింది. వెనక్కేనా అని గోర్డీ అడిగితే, వెనక్కే అంది.

టీవీ కెమెరా సరిగ్గా గీత వెంట ఉంది. బంతి ముప్ఫై నాలుగో గీత మీద చేతిని వదిలింది. ముప్ఫై అయిదో గీత మీద టియో చేతుల్లో పడింది. వెనక్కి కాదు. ఒక గజం ముందుకు.

లోర్నా కాళ్లు ఆగిపోయాయి.

గోర్డీ ఆ ఆగడం గమనించి తలెత్తాడు. తర్వాత టీవీ వైపు చూశాడు. వాళ్లు అదే ముక్కను మెల్లగా రెండోసారి వేశారు. అతను రోల్ పక్కన పెట్టి, మార్స్‌డెన్‌కు వినబడకుండా వంగి మాట్లాడాడు. ఆమె కళ్లతో చూసింది చెప్పింది, మోసం చేయలేదు. గజం తేడా ఎవరి కంటికి ఆనుతుంది? కుర్రాడు టేపు కోసేసుకున్నాడు. తల్లి దాన్ని కోటులో పెట్టుకుంది. నోరు మూసుకుని కూర్చుంటే ఏ గొడవా లేదు.

లోర్నా బుర్ర వేగంగా తిరుగుతోంది. లీగు ఆఫీసు ప్రతి సోమవారం ఫిల్ములు మళ్లీ చూస్తుంది. వెయ్యి దాటిన అంకెనైతే మరీ భూతద్దం పెట్టి చూస్తుంది. పట్టుకుంటే పందొమ్మిది గజాలు సోమవారం పోతాయి, అప్పటికి ఆడడానికి ఆట ఉండదు. పట్టుకోకపోతే అది తనకూ గోర్డీకీ మధ్య ముల్లులా మిగిలిపోతుంది. ఇప్పుడు చెబితే ఇంకా అయిదు నిమిషాల ఆట ఉంది. సోమవారం నిజం కుర్రాడి గొంతు కోస్తుంది. ఈ నిమిషంలో నిజం అతన్ని కుంటి కాలితో మైదానంలోకి పంపిస్తుంది. మూడో దారి లేదు.

"మార్చు," అంది. "పాస్, పందొమ్మిది. పరుగు కాదు."

"లోర్నా."

"మార్చు గోర్డీ."

తెర మీద అంకె తొమ్మిది వందల ఎనభై మూడుకు పడిపోయింది. బల్ల చివర మార్స్‌డెన్ తన తెర చూసి కనుబొమలు ఎగరేశాడు. లోర్నా అప్పటికే ఫోన్ అందుకుంది.

డ్రెస్లర్ మొదట నమ్మలేదు. నమ్మాక వచ్చిన గొంతు చాలా మర్యాదగా ఉంది, అందుకే ఎక్కువ కాలింది.

"మేడమ్, ఇరవై నిమిషాల కింద మీరే గదా అయిపోయిందన్నారు. వాడి కాలికి టేపు లేదు. రెండోవాడికి వేలు లేదు. ఇంకా ఏమైనా మర్చిపోయారా? నేను అసలు కోచ్‌నేనా, అది కూడా ఒకసారి చూసి చెప్పండి."

"పదిహేడు గజాలు కావాలి కోచ్. టేపు మళ్లీ కట్టించండి."

ఫోన్ పెట్టేసిన చప్పుడు కాదు వినిపించింది, తీగ తెగిన చప్పుడు. కిందకు చూస్తే డ్రెస్లర్ ఫోన్‌ను పెట్టెతో సహా గోడకేసి కొట్టి, టియో దగ్గరికి నడుస్తున్నాడు. అతను ఏం చెప్పాడో పై నుంచి వినబడదు. కానీ కుర్రాడు మెల్లగా తలెత్తి ప్రెస్ బాక్స్ అద్దం వైపు చూడడం మాత్రం బైనాక్యులర్స్‌లో స్పష్టంగా కనిపించింది. లోర్నా చూపు తిప్పుకోలేదు. అతను బెంచీ మీద మళ్లీ కాలు పెట్టాడు.

ట్రైనర్ మేజోడు మీదే టేపు చుడుతుండగా బంతి వంతు వచ్చిన అవతలి జట్టు మార్లో హిల్స్ మైదానం పొడవునా నడిచొచ్చి టచ్‌డౌన్ కొట్టి ఏడు పాయింట్లు తెచ్చుకుంది. ఇరవై ఆరు–ఇరవై నాలుగు. ఇప్పుడు గజాల సంగతి అటుంచి, గెలవాలన్నా టియో దిగాల్సిందే.

దిగాడు. నడక చూస్తేనే తెలుస్తోంది, కుడి కాలు నేల మీద పూర్తిగా ఆనించడం లేదు. మొదటిసారి బంతి అందగానే సందు దొరికించుకుని తొమ్మిది గజాలు లాగాడు. తొమ్మిది వందల తొంభై రెండు. తర్వాతిసారి బంతి విసరడానికి చూస్తుంటే ఇద్దరు మీద పడ్డారు. ఏడు గజాల వెనక్కి కూల్చేశారు. తొమ్మిది వందల ఎనభై అయిదు. గోర్డీ టైపు చేస్తూ ఏదో గొణిగాడు. అది ఏ భాషలోనూ మంచి మాట కాదు. మార్స్‌డెన్ కుర్చీ వదిలేసి అద్దం దగ్గర నిలబడ్డాడు. ఒక పొడవాటి పాస్ పడింది, జట్టు బతికింది. ఒకటిన్నర నిమిషం మిగిలి ఉండగా టియో బంతి విసిరినట్టు నటించి, మధ్యలోంచి దూరి, కుంటుతూనే, చివరి అయిదు గజాలు ఒకణ్ణి వీపు మీద మోసుకుంటూ పోయి పడ్డాడు.

లోర్నా గీతలు రెండుసార్లు లెక్కపెట్టింది. ఈసారి తొందరపడలేదు.

"బారియెంటోస్, పరుగు, పదహారు."

వెయ్యిన్నీ ఒకటి. ఆ వెంటనే క్రేన్స్ బంతిని గోలు కర్రల మధ్యకు తన్ని మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ కొట్టారు. ఇరవై ఏడు–ఇరవై ఆరు. మార్లో హిల్స్ మొదటి పాసే క్రేన్స్ చేతికి చిక్కింది. గడియారంలో నిమిషం చిల్లర. దాన్ని ఆపమని అడగడానికి అవతలివాళ్లకు టైమౌట్లు మిగల్లేదు. ఇక చేయాల్సింది ఏమీ లేదు. క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని నేల మీద మోకాలు పెడతాడు, గడియారం తిరుగుతుంది. మళ్లీ మోకాలు, ఆట అయిపోతుంది. చిన్నపిల్లలకు కూడా తెలిసిన ముగింపు.

అయితే క్రేన్స్ మోకాలు పెట్టే వ్యూహంలో నిలబడలేదు. నిజం ఆటకు నిలబడినట్టు నిలబడ్డారు. టియో బంతిని పక్కవాడికి అందించాడు. అవతలివాళ్లు పదకొండుమందీ ఆ పక్కవాడి మీద పడ్డారు. బంతి ఎగిరి బయటపడింది. స్టాండ్స్‌లో ఊపిరి ఆగింది. గుట్టగా పడ్డ మనుషుల కింద నుంచి చివరికి క్రేన్స్ కుర్రాడే బంతితో బయటికి వచ్చాడు. మార్లో హిల్స్‌వాడొకడు మోకాలు పట్టుకుని లేవలేదు. రెఫరీలు గడియారం ఆపారు.

"మోకాలు పెట్టమనడానికి ఈ కోచ్‌కేం రోగం?" అన్నాడు గోర్డీ. "హాఫ్ టైమ్ ముందు కూడా ఇంతే చేశాడు."

ఆ మాటతో లోర్నాకు సీజను మొత్తం కళ్ల ముందు తిరిగింది. గెలిచిన ప్రతి ఆటలో చివర మోకాలు పెట్టింది ట్రెంట్. టియోని ఒక్కసారీ పెట్టనివ్వలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. డ్రెస్లర్ ప్రొఫెషనల్ లీగు మనిషి. అక్కడ మోకాలు పెడితే ఆ ఒకటి రెండు గజాల నష్టం క్వార్టర్‌బ్యాక్ పరుగుల్లోంచి పోతుంది. కాలేజీలో అది జట్టు పద్దులో పడుతుంది, కుర్రాణ్ణి ముట్టుకోదు. పడగొడితే కాలేజీలో పోతుంది, అక్కడ పోదు. మోకాలు పెడితే అక్కడ పోతుంది, కాలేజీలో పోదు. రెండూ తిరగేసి ఉంటాయి. మొదటిది డ్రెస్లర్ నేర్చుకున్నాడు, రెండోదాని గురించి ఎవరూ చెప్పలేదు. మోకాలు పెడితే వెయ్యిన్నీ ఒకటి కాస్తా తొమ్మిది వందల తొంభై తొమ్మిది అవుతుందని భయపడి, ఆ మనిషి కుర్రాడి కోసం ఏకంగా ఆటనే పణంగా పెడుతున్నాడు.

ఫోన్ ఎత్తింది. ప్రాణం లేదు. దాన్ని చంపడానికి కారణం తనే.

"ఇక్కడ నువ్వు చూసుకో," అని గోర్డీకి చెప్పి లోర్నా తలుపు తోసింది.

స్టాండ్స్ మెట్లు నిటారుగా ఉంటాయి. ఆమె మోకాళ్లకు అవి పడవు. ఎదురుగాలి, పైకి లేచి నిలబడ్డ జనం, కాళ్లకు అడ్డం పడే దుప్పట్లు, ఎవరిదో కాఫీ. పక్కకు జరగండి, పక్కకు జరగండి అని అరుచుకుంటూ దిగింది. ఆమె గొంతు అంత పెద్దదని ఊళ్లో ఎవరికీ తెలియదు. కంచె దగ్గర సెక్యూరిటీవాడు ఎవరు మీరని అడిగితే మెడలో కార్డు అతని ముఖాన ఆడించి లోపలికి దూరింది. దెబ్బ తగిలినవాణ్ణి అప్పుడే భుజాల మీద బయటికి తీసుకెళ్తున్నారు. టియో కోచ్ పక్కన నిలబడి తర్వాతి ఎత్తు వింటున్నాడు.

డ్రెస్లర్ ఆమెను చూసి మండిపడ్డాడు. లోర్నా ఒగరుస్తూనే చెప్పింది. మోకాలు పెట్టించండి, కాలేజీలో అది కుర్రాడి పరుగుల్లోంచి పోదు, జట్టు పేరున పడుతుంది.

"ప్రొఫెషనల్ ఆటలో అది పోవడం నా కళ్లతో చూశాను," అన్నాడతను. "పైగా ఇవాళ మీ మాట విని ఒకసారి వీడి టేపు కోయించాను. ఇప్పుడు మీ మాట విని వీడి వెయ్యి కోయించమంటారా?"

ఆ మాటలో తప్పేమీ లేదు. రెఫరీ ఈల నోట్లో పెట్టుకున్నాడు. డ్రెస్లర్ టియో హెల్మెట్ పట్టుకుని, బంతి పక్కవాడికే ఇవ్వమన్నాడు. టియో కదలలేదు. లోర్నా వైపు తిరిగాడు. ముఖం నిండా మట్టి, గడ్డం కింద చిన్న గాటు.

"మిస్ లోర్నా, ఆ పందొమ్మిది మీరే తీసేశారా? లేక ఎవరైనా పట్టుకుంటే తీశారా?"

"నేనే. టీవీలో చూసి."

"మీరు తీయకపోతే ఎవరికైనా తెలిసేదా?"

"ఏమో. ఇవాళైతే తెలిసేది కాదు."

టియో కోచ్ వైపు తిరిగాడు. "నావి కాని గజాలు ఈవిడే తీసేశారు కోచ్. అబద్ధం చెప్పి ఇప్పుడు నాకేదో ఇస్తారా?"

డ్రెస్లర్ ఆ కుర్రాణ్ణి చూశాడు. లోర్నాని చూశాడు. ఈల మోగింది. అతను ఇంకా ఏదో అనబోతుండగానే టియో హెల్మెట్ బిగించుకుని మైదానంలోకి కుంటుతూ పరిగెత్తాడు. జట్టువాళ్లతో ఏం చెప్పాడో గానీ, వాళ్లు దగ్గరగా జరిగి, ఒకణ్ణి చాలా వెనక కాపలా పెట్టి, మోకాలు వ్యూహంలో నిలబడ్డారు. బంతి వచ్చింది. టియో రెండడుగులు వెనక్కి వేసి, ఎడమ మోకాలు నేలకు ఆనించాడు.

గడియారం కదిలింది. అవతలివాళ్ల దగ్గర దాన్ని ఆపేది ఏదీ లేదు. రెండోసారి బంతి వచ్చింది, రెండోసారి మోకాలు వంగింది. కుడి కాలి టేపు సగం ఊడి వేలాడుతోంది. ఆట అయిపోయింది.

జనం కంచె దూకి మీద పడ్డారు. ఆ తొక్కిడిలో ఎవరో గట్టిగా, బొంగురుగా కేక వేశారు. డ్రెస్లర్ తల తిప్పి చూస్తే అది లోర్నానే. ఆమె వెంటనే నోటి మీద చెయ్యి పెట్టుకుంది, అలవాటు. ఆ తర్వాత, ఇది ప్రెస్ బాక్స్ కాదు గదా అని గుర్తొచ్చి, చెయ్యి తీసేసింది.

"రేపు ఫోన్ బాగు చేయిస్తాను," అన్నాడు డ్రెస్లర్, ఆమె వైపు చూడకుండా.

"ముందు రూల్ పుస్తకం చదవండి కోచ్," అంది. "తొంభై పేజీలే."

పైకి ఎక్కడానికి దిగినదానికన్నా ఎక్కువ సేపు పట్టింది. గదిలో మార్స్‌డెన్ కోటు వేసుకుని, ఫోన్ చేతిలో పట్టుకుని, తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆఫీసుకు పంపాలి, అంకె చెబితే పోతానన్నాడు. గోర్డీ తెర ఆమె వైపు తిప్పాడు. రెండు మోకాళ్లూ జట్టు పేరున పడి ఉన్నాయి. బారియెంటోస్ ఎదుట వెయ్యిన్నీ ఒకటి వెలుగుతోంది.

లోర్నా కూర్చుంది. బల్ల కింద కాళ్లు మళ్లీ మొదలయ్యాయి.

"ఇవాళ వాడు బంతి ముట్టుకున్న ప్రతిసారీ తెర మీద మళ్లీ వెయ్యి గోర్డీ," అంది. "టీవీవాళ్ల దగ్గర గీత వెంట తీసిన కెమెరా అడుగు."

మార్స్‌డెన్ గడియారం చూసుకున్నాడు. తన విమానం గురించి ఏదో అన్నాడు. లోర్నా వినిపించుకోలేదు. మైదానం ఖాళీ అయింది, స్టాండ్స్‌లో కాగితపు కప్పులు గాలికి దొర్లుతున్నాయి. ఒక్కొక్క పరుగే తెర మీద నడిచింది. ఎక్కడ మొదలైందో, ఏ గీత మీద మోకాలు ఆనిందో, ఎక్కడ బంతి చేతిని వదిలిందో ఆమె ముక్కు తెరకు ఆనించినట్టు కూర్చుని చూసింది. గోర్డీ చల్లారిన చిల్లీ తినేశాడు. మార్స్‌డెన్ చివరికి కోటు విప్పి కుర్చీలో కూలబడ్డాడు.

ఆఖరి పదహారు గజాల పరుగును ఆమె మూడుసార్లు వేయించింది. మూడోసారి అయ్యాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"వెయ్యిన్నీ ఒకటి," అంది మార్స్‌డెన్‌తో. "సోమవారం ఎవరు చూసినా అంతే. ఇప్పుడు పంపు."

అతను ఫోన్ మీద వేళ్లు ఆడిస్తుంటే గోర్డీ బల్ల కిందకు వంగి చూశాడు. కాళ్లు ఆగాయో లేదోనని.